చెవితో బొమ్మ చూసే డాక్టరు

బస్టాండు వెనకవీధిలో ఆ దుకాణం తెరిచినప్పుడు బోర్డు మీద ‘రేడియో డాక్టర్’ అని మాత్రమే ఉండేది. కాలం మారినకొద్దీ రేడియో పక్కన టీవీ చేరింది, దాని నెత్తిన సెల్ ఎక్కింది, అడుగున మిగిలిన ఇరుకులో లాప్‌టాప్ ఒదిగింది. రోగులు మారారు, రోగాలు మారాయి. డాక్టరు మాత్రం పదిహేడో ఏట ఏం నేర్చుకున్నాడో అరవయ్యో ఏట కూడా దాంతోనే నెట్టుకొస్తున్నాడు.

వీధిలో అందరూ ఎదురుగా డాక్టరుగారంటారు, వెనక ఫార్మాట్ అంటారు. నా జేబు రేడియో ఒకటి అతని అలమరాలో అయిదు వారాలు పడకేసింది. ఆ అయిదు వారాలూ రోజూ వెళ్ళి అక్కడి బల్ల మీద కూర్చునేవాణ్ణి. చూడగలిగింది చూశాను, చూడనిది అతని భార్య చెప్పింది. ఆవిడ దుకాణం వెనక అరలో కూర్చుని చీరలకు అంచులు కుడుతుంది. భర్త వైద్యం గురించి ఎంత చెప్పినా ఆవిడ చేతిలో సూది ఒక్కసారి కూడా ఆగదు. ఆ వైద్యం మీద ఆవిడకున్న గౌరవం ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

ఉన్నమాట చెప్పాలి. అతని చెవి మంచిది. ఎవరైనా రేడియో తెస్తే మూత విప్పకముందే దాన్ని చెవికి ఆనించుకుని, స్క్రూడ్రైవరు పిడితో ఒకచోట చిన్నగా తట్టి, కళ్ళు మూసుకునేవాడట. ఆ గరగరను బట్టి ఏ తీగ వదులైందో, ఎక్కడ అతుకు ఊడిందో చెప్పేసేవాడట. రేడియో తన బాధంతా నోటితోనే చెప్పుకుంటుంది కాబట్టి ఆ వైద్యం చెల్లింది. కళ్ళు మూసుకోవడాన్ని జనం జ్ఞానమనుకున్నారు. కొంప మునిగింది అక్కడే. కళ్ళు మూసుకుంటే గౌరవం పెరుగుతుందని పాతికేళ్ళకే తెలిసినవాడు ఇంక జన్మలో కళ్ళు తెరుస్తాడా?

టీవీలు వచ్చాయి. వాటినీ కళ్ళు మూసుకునే చూశాడు. బొమ్మలో మనుషులు పచ్చగా కనిపిస్తున్నారని ఎవరైనా మొత్తుకుంటే, మాట స్పష్టంగానే ఉంది కదా అని పంపేశాడు. సెల్‌ఫోన్లు వచ్చాక ఏ జబ్బుకైనా బ్యాటరీ మార్చాడు. లాప్‌టాప్‌లు వచ్చాక అతనికి ఇంకా గొప్ప మందు దొరికింది.

పాత వైద్యగ్రంథాలు తిరగేస్తుంటే ఒక రకం వైద్యులు తగులుతారు. తలనొప్పికి విరేచనాలు, మోకాలినొప్పికి విరేచనాలు, కలత నిద్రకీ విరేచనాలే. కడుపులో ఉన్నదంతా పోయాక రోగి నీరసించి నోరు మూసుకుంటాడు. నోరు మూసుకున్నాడు కాబట్టి నయమైందని రాసుకుంటారు. మన డాక్టరుకు ఫార్మాట్ అలాంటి మందు. యంత్రం లోపల ఉన్నదంతా ఊడ్చేసి, కొత్తగా పుట్టించినట్టు మళ్ళీ మొదలుపెట్టడం. ఇల్లు ఊడ్చమంటే సామానంతా వీధిలో పారేసి గోడలకు సున్నం వేసినట్టు. గోడలు తెల్లగా ఉంటాయి, కాదనను. కానీ ఆ తెల్లదనం చూసి దండం పెట్టి వెళ్ళిన పెద్దమనుషులను ఆ బల్ల మీదినుంచి కనీసం డజనుమందిని చూశాను. వాళ్ళ పెళ్ళిఫొటోలు పోయాయి, ఉత్తరాలు పోయాయి, ఇరవై ఏళ్ళ పద్దులు పోయాయి, అయినా ‘ఎంత ఫాస్టుగా ఉందో’ అనుకుంటూ మెట్లు దిగారు. ఇలాంటి డాక్టర్లను ఇలాంటి రోగులే తయారుచేస్తారు.

ఇతనికో మరదలుంది. భార్యకు సొంత చెల్లెలు. ఆ ఊరి బస్టాండులో ‘విచారణ’ అని రాసిన గాజు కిటికీ వెనక పన్నెండేళ్ళు కూర్చుంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది దారిలో చెడిపోయే రకమో కాగితం చూడకుండా చెప్పేది. పోయినేడు పెద్ద జ్వరం వచ్చింది. పదకొండు రోజులకు జ్వరం తగ్గింది, వినికిడి పోయింది. రెండు చెవులూ పూర్తిగా.

తిరిగి డ్యూటీలో చేరిన మర్నాడే డిపో మేనేజరు ఆమెను పార్శిల్ షెడ్డుకు మార్చాడు. చెవులు లేని మనిషిని విచారణలో ఎలా కూర్చోబెడతామని అడిగాడట. చెవులున్న విచారణ గుమాస్తాలను నేను లెక్కలేనన్ని బస్టాండుల్లో చూశాను. వాళ్ళ చెవుల వల్ల ఏ ప్రయాణికుడికీ ఒరిగింది లేదు.

ఆమె ఊరుకునే మనిషి కాదు. ఆసుపత్రిలో వినికిడి విభాగానికి వెళ్ళి, ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకోసాగింది. పైవాళ్ళకు అర్జీ మీద అర్జీ పెట్టింది. చివరికి మేనేజరు ఒక పరీక్షకు ఒప్పుకున్నాడు. ఆసుపత్రి పంతులమ్మ గాజుకు అటువైపు నిలబడి గొంతు లేకుండా ఇరవై వాక్యాలు చెబుతుంది. ఈమె ఇటువైపు కూర్చుని రాయాలి. పద్నాలుగు సరిగ్గా రాస్తే కిటికీ. లేకపోతే రిటైరయ్యేదాకా పార్శిల్ షెడ్డు. రెండో పరీక్ష ఉండదని కాగితం మీద రాసి ఇచ్చారు.

పంతులమ్మ తన ముఖం మాత్రమే కనిపించేలా తీసిన నలభై వీడియో పాఠాలను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చింది. పరీక్షకు ఇరవై రెండు రోజులుంది.

ఈమె దగ్గరో పాత లాప్‌టాప్ ఉంది. తెరుచుకోవడానికి ఆలస్యమవుతోందని బావకు ఇచ్చింది. బావ ఏం చేశాడో వేరే చెప్పాలా? స్నానం చేయించానని నవ్వుతూ తిరిగిచ్చాడు. ఆ రోజునుంచే జబ్బు మొదలైంది.

జబ్బు ఇది. వీడియో చిన్న గడిలో పెట్టుకుంటే బాగానే నడుస్తుంది. కానీ ఆ గడిలో పంతులమ్మ ముఖం నిమ్మకాయంత, పెదవులు బియ్యపు గింజంత. అవి తెలియాలంటే తెర నిండా పెట్టుకోవాలి. తెర నిండా పెట్టగానే బొమ్మ ఆగి, ఎగిరి, మళ్ళీ ఆగి నడుస్తుంది. నోరు తెరిచి ఉన్న బొమ్మ తర్వాత నోరు మూసిన బొమ్మ. మధ్యలో జరిగిందేదీ ఉండదు.

మనకైతే ఇది చిరాకు, అంతే. మాట వినబడుతూనే ఉంటుంది కాబట్టి సర్దుకుపోతాం. ఆమెకు మధ్యలో జరిగిందే మాట. మన భాషలో ప, బ, మ మూడూ పెదవుల మీద ఒక్కటే. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా పాప అనండి, మామ అనండి. తేడా చెప్పగలిగితే నాకు ఉత్తరం రాయండి. ‘తప్పిపోయింది’ అంటే పాప, ‘తప్పిపోయాడు’ అంటే మామ. తోక చూస్తే తప్ప తల తెలియదు. ఆ యంత్రం సరిగ్గా తోకలే మింగేస్తోంది.

లాప్‌టాప్ తీసుకుని ఆమె దుకాణానికి వచ్చిన రోజు నేను బల్ల మీదే ఉన్నాను. ఆమె మాట చక్కగానే ఉంటుంది, కాస్త గట్టిగా, అంతే. జబ్బు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో నేను ఇప్పుడు చెప్పినంత వివరంగానూ చెప్పింది. డాక్టరు వీడియోను తెర నిండా పెట్టాడు. లాప్‌టాప్ పక్కకు తలవంచి, చెవి దగ్గరగా చేర్చి, కళ్ళు మూసుకున్నాడు. పాఠం సగందాకా అలాగే ఉన్నాడు. తర్వాత లేచి, ఆమె చెవిలో నోరు పెట్టి వీధంతా వినబడేలా బాగానే ఉందని అరిచాడు. ఆమెతో అతను ఎప్పుడూ అలాగే మాట్లాడతాడు. వాల్యూం పెంచితే పలుకుతుందని ఆశ.

ఆమె చెవి తుడుచుకుంది. “బావా, నువ్వు కళ్ళు మూసుకున్నావు.”

అతను పలక తీసుకుని రాశాడు. ‘సౌండ్ క్లియర్. నీ కళ్ళు పరీక్ష చేయించుకో.’

ఆ తర్వాతి పదిరోజుల వైద్యం చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. మొదట నేరం పెన్‌డ్రైవ్‌ది అన్నాడు. పాఠాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించి చూపిస్తే అదే గెంతు. తర్వాత దుమ్ము అన్నాడు. విప్పి, ఫ్యాను తుడిచి, బిగించి, రెండు స్క్రూలు మిగుల్చుకున్నాడు. తర్వాత నెట్ స్లో అన్నాడు. ఆ పాఠాలకు నెట్‌తో పనేలేదని ఆమె చెబితే, ఆడవాళ్ళకు ఇవన్నీ తెలియవని నా వైపు చూసి కన్నుగీటాడు. నా జీవితంలో నన్ను చాలామంది చాలా రకాలుగా అవమానించారు. తన జట్టులో చేర్చుకుని అవమానించినవాడు ఇతనొక్కడే.

ఇంకో దుకాణానికి పోవచ్చు కదా అంటారు. ఇంట్లో డాక్టరుండగా బయటివాడి దగ్గరికి పోతే ఇంక నా గడప తొక్కొద్దన్నాడు. గడప తొక్కకపోతే ఆమెకు పోయేదేమీ లేదు. కానీ ఆ గడపలో అక్క ఉంది. చెవులు పోయినప్పటినుంచి ఆమెతో అరవకుండా, నోరు తిప్పి తిప్పి ఓపిగ్గా మాట్లాడేది ఆ అక్క ఒక్కతే.

పరీక్ష పదకొండు రోజుల్లోకి వచ్చింది. ఆ వేళ ఆమె షెడ్డునుంచి వచ్చేసరికి డాక్టరు చేతులు తుడుచుకుంటున్నాడు. మొండి జబ్బు కాబట్టి మళ్ళీ ఫార్మాట్ కొట్టానన్నాడు. ఈసారి పలక మీద అడుగున గీత కూడా గీశాడు.

ఆమె పలక పక్కన పెట్టి లాప్‌టాప్ తెరిచి చూసింది. “అందులో నా నోట్సుంది బావా. ఏ మాట ఏ మాటలా కనిపిస్తుందో పదకొండు పేజీలు రాసుకున్నాను.”

“మళ్ళీ రాసుకో మరదలా. పోయింది చెవులే కదా, చేతులు కాదుగా.”

ఈ మాట అతను అరవలేదు, పలక మీద రాయలేదు. మామూలుగానే అన్నాడు, ఆమెకు అందదని. వెనక అరలో సూది ఆగింది. నేను చూస్తుండగా అది ఆగడం అదే మొదలు. ఆమెకు అందిందో లేదో అప్పుడు నాకు తెలియలేదు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. పరీక్షకు ఇంక ఆరు రోజులే. ఈసారి ఏమీ వివరించలేదు. లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, పాఠం తెర నిండా తెరిచి, బావను కూర్చోమంది. అతను అలవాటుగా తలవంచి కళ్ళు మూసుకున్నాడు. క్షణం గడిచింది. అతని ముఖం వెలిగిపోయింది. కళ్ళు తెరిచాడు. మూడు వారాల్లో ఆ ముఖంలో అంత ఆనందం నేను చూడలేదు.

“ఇదిగో, దొరికింది అసలు జబ్బు. సౌండ్ రావట్లేదు” అని పలక మీద కూడా రాశాడు.

“నాకు ఎప్పటినుంచో రావట్లేదు బావా. నేనే తీసేశాను. ఇప్పుడు చెప్పు, ఆవిడేమంటోంది?”

అప్పుడు చూశాడు. వేరే గతిలేక, వృత్తిలోకి వచ్చిన నలభైమూడేళ్ళకు, రోగిని కళ్ళతో చూశాడు. తెర మీద పంతులమ్మ నోరు తెరిచి ఉంది. తర్వాత మూసి ఉంది. తర్వాత ముఖం ఒక పక్కకు గెంతింది. డాక్టరు సౌండ్ బటన్ వైపు చెయ్యి చాచాడు. మరదలు ఆ చెయ్యి పట్టుకుంది.

ఈలోపు అక్క లేచి వచ్చి వెనక నిలబడింది. రోజంతా కుట్టు చూసే కళ్ళు అవి. ఒక్క పోగు తప్పినా పట్టుకుంటాయి. మూతి ఎగురుతోందండి అంది. ముఖం కూడా అడ్డంగా సాగినట్టుందంది. మొగుడు నువ్వూరుకో అన్నాడు, ఇంకోసారి ఫార్మాట్ కొట్టి చూద్దామన్నాడు. అక్క లాప్‌టాప్ మూసి, తీసి, చెల్లెలి చేతిలో పెట్టింది.

“కిటికీ దగ్గర దాని కుర్చీ ఇందులోనే ఉందండీ. ఇంక మీ చేతికివ్వను.”

నలుగురిలో భార్య అంత మాటన్నందుకు అతను వారం రోజులు ముభావంగా ఉన్నాడు. ఆ వారమూ దుకాణంలో ఒక్క లాప్‌టాపూ ప్రాణం పోగొట్టుకోలేదు.

మరదలు ఏం చేసిందో వినండి. ముందు కాగితం మీద తనకు కనిపించినవన్నీ రాసుకుంది. చిన్న గడిలో గెంతు లేదు, పెద్ద తెరలో ఉంది. అక్షరాలు మునుపటికన్నా లావుగా ఉన్నాయి. ముఖాలు సాగి ఉన్నాయి. తెర వెలుగు తగ్గించే మీట మొదటి ఫార్మాట్ అయిన దగ్గర్నుంచి పనిచేయట్లేదు. ఇవన్నీ చూస్తే కనిపించేవే. చూడాలి, అంతే.

పార్శిల్ షెడ్డులో ఒక కంప్యూటర్ ఉంది. దాని లోపలి భాగాల జాబితా తెరిచి, తన లాప్‌టాప్‌లోని జాబితా పక్కన పెట్టుకుని వరసగా పోల్చింది. పెట్టెల మీది నంబర్లను చిట్టాతో సరిచూడటమే ఏడాదిగా ఆమె పని. మేనేజరు శిక్షగా వేసిన పని అలా అక్కరకొచ్చింది. షెడ్డు కంప్యూటర్‌లో డిస్‌ప్లే అన్నచోట బొమ్మలు గీసే చిప్పు పేరు, నంబరు ఉన్నాయి. ఆమె దాంట్లో అదేచోట పేరూ ఊరూ లేకుండా ‘బేసిక్’ అని మాత్రమే ఉంది. కొద్దిగా కిందికి వెళితే పసుపుపచ్చ గుర్తు పెట్టుకుని ఒక భాగం అనాథలా పడి ఉంది.

సంగతి చాలా చిన్నది. లాప్‌టాప్‌లో బొమ్మలు గీయడానికి ప్రత్యేకంగా ఒక చిప్పు ఉంటుంది. దానితో మాట్లాడటానికి యంత్రానికి ఒక దుబాసీ కావాలి. దాన్నే డ్రైవర్ అంటారు. ఫార్మాట్ కొట్టినప్పుడు పాత దుబాసీ పోయాడు. కొత్తవాణ్ణి పెట్టాలన్న సంగతి మన డాక్టరుకు తెలియదు. చిప్పు ఖాళీగా కూర్చుంటే, ఆ బొమ్మలన్నీ అసలు ప్రాసెసరే ఒంటిచేత్తో గీయాల్సి వచ్చింది. చిన్న బొమ్మయితే గీయగలదు. తెరంత బొమ్మ సెకనుకు పాతిక ముప్ఫైసార్లు గీయమంటే సగం వదిలేస్తుంది. శబ్దం దారి వేరు కాబట్టి అది ఎప్పుడూ బాగానే ఉంటుంది. డాక్టరు వింటూ కూర్చున్నది ఆ బాగున్నదాన్ని. జబ్బు పెట్టినవాడే మందు ఇస్తున్నాడు, అదే జబ్బును రెండోసారి పెట్టాడు.

ఆమె లాప్‌టాప్ బోర్లించి అడుగున ఉన్న మోడల్ నంబరు రాసుకుంది. తయారుచేసినవాళ్ళ సైట్‌లో ఆ నంబరుకు సరిపోయే డ్రైవర్‌ను షెడ్డు కంప్యూటర్‌లోకి దింపుకుని, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించింది. తెర ఒక్కసారి నల్లబడింది. మళ్ళీ వెలిగేసరికి అక్షరాలు సన్నబడి తమ కొలతకు వచ్చాయి. వెలుగు మీట పనిచేసింది. పంతులమ్మ తెర నిండా నోరు విప్పి, ఒక వాక్యం మొదటినుంచి చివరిదాకా తోకతో సహా చెప్పింది. మొత్తం కలిపి పావుగంట పని.

ఆ పావుగంట పనికి పదహారు రోజులు తిన్నాడు మహానుభావుడు. మిగిలిన అయిదు రోజుల్లో నలభై పాఠాలు. షెడ్డుకు సెలవు పెట్టి కూర్చుంది. నోట్సు మళ్ళీ రాసే తీరిక లేదు, అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని గొంతులేకుండా మాట్లాడించుకుంది.

పరీక్ష బస్టాండు కిటికీ దగ్గరే పెట్టారు. నేనూ వెళ్ళాను. ఊళ్ళో పనిలేనివాళ్ళందరూ వచ్చారు, డాక్టరు ముందు వరసలో ఉన్నాడు. పంతులమ్మ ఇరవై వాక్యాలు చెప్పింది. ఇటువైపు పెన్ను కదులుతూ ఉంది, ఆగుతూ ఉంది. మూడుచోట్ల కాగితం ఖాళీగా వదిలేసింది. దిద్దితే పదిహేను సరైనవి. ఒకటి ఎక్కువే.

మేనేజరుకు అది రుచించలేదు. పంతులమ్మ నోరు పాఠాల్లో అలవాటైపోయింది కదా, తను ఒక వాక్యం చెబుతానని ముందుకొచ్చాడు. రూలు కాదని పంతులమ్మ అంటూనే ఉంది. ఆయనకు పైపెదవి ఎక్కడుందో దేవుడికే తెలియాలి, అంత మీసం. ఏదో అన్నాడు. ఆమె ఓపిగ్గా చూసింది.

“మీ వాక్యం మీసంలోనే ఉండిపోయింది సార్. బయటికి రాలేదు.”

జనం నవ్వారు. మేనేజరు సంతకం పెట్టాడు. ఇంకేం చేస్తాడు, మీసం తీస్తాడా?

పదిరోజుల తర్వాత నేను ఊరు వదిలే వేళకు బస్సు అడగడానికి ఆ కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. నా రేడియో బాగుపడలేదు, తిరిగి తీసుకున్నాను. నాకన్నా ఇద్దరు ముందు డాక్టరు ఉన్నాడు. ఏదో ఊరికి పనిమీద వెళుతున్నాడు. గాజుకు అటువైపు మరదలు, ముందు మైకు. ఇటువైపు బావ తన పక్కనున్న కొత్త మనిషికి కిటికీ చూపించి చెబుతున్నాడు. గొంతు తగ్గించాడు కానీ, ముఖం గాజు వైపే ఉంది. ఆమె చెవిటిదన్నది గుర్తుంది, ఆ కిటికీలో ఎందుకు కూర్చుందో గుర్తులేదు.

“మా మరదలేలెండి. పాపం, పూర్తిగా చెవుడు. లాప్‌టాప్ బాగుచేసి, దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించబట్టి నెగ్గింది. లేకపోతే ఈపాటికి మూటలు లెక్కపెట్టుకుంటూ ఉండేది.”

ఆమె మైకు దగ్గరికి లాక్కుంది. ఆ మైకు పన్నెండు ప్లాట్‌ఫారాలకూ పలుకుతుంది.

“బావా, ఇప్పుడన్న మాట చూశాను. ఆ రోజు చెవులు, చేతులు అన్నది కూడా చూశాను.”

బస్టాండంతా ఇటు తిరిగింది. కొత్త మనిషి డాక్టరుకు కాస్త ఎడంగా జరిగాడు. సిగ్గుపడతాడేమోనని అతని ముఖం చూశాను. సిగ్గుపడాలన్నా కొంత పరిజ్ఞానం ఉండాలి. అతను తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని, పైనున్న లౌడ్‌స్పీకరు వింటున్నాడు.

“మైకులో గరగర ఉంది మరదలా” అన్నాడు కళ్ళు తెరిచి. “సాయంత్రం వచ్చి విప్పి చూస్తాను.”

“ముట్టుకోకు” అందామె, మైకులోనే. “ఏ ఊరు వెళ్ళాలో చెప్పు. వెనక జనం ఉన్నారు.”